లాబ్రడార్ టీ: ఉత్తరాది చిత్తడి పొదను గుర్తించడం, కోయడం, వాడడం

అలాస్కా నుంచి కెనడా అంతటా పరచుకొని గ్రీన్‌లాండ్ దక్షిణ తీరాల దాకా సాగిన చలి చిత్తడి నేలల్లో, మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు పెరిగే ఒక పొద మంచు కింద కూడా ఆకు రాల్చకుండా నిలిచి ఉంటుంది. దానినే లాబ్రడార్ టీ అంటారు. క్రీ, డెనె, ఇన్యూయిట్, అనిషినాబే, హైదా మొదలైన మూలవాసీ జాతులు దాని ఆకులతో తరతరాలుగా టీ కాచుకుంటున్నాయి, మందుగా వాడుకుంటున్నాయి. బోస్టన్ ఓడరేవులో 1773లో టీ పెట్టెలను సముద్రం పాలు చేసిన తరువాత, బ్రిటిష్ టీని వెలివేసిన వలసవాసులు ఆశ్రయించిన ఆకుల్లో ఇదీ ఒకటి.

ఈ మొక్క విషయంలో నేర్చుకోవలసిన అసలు విద్యలు రెండే: ఒకటి గుర్తింపు, రెండవది మోతాదు. కోయడం, ఆరబెట్టడం, కాచడం ఎవరికైనా ఒక్క పూటలో అబ్బుతాయి. కానీ ఇదే చిత్తడిలో దీని పక్కనే, చూపుకు దీనిలాగే కనిపించే విషపు పొదలు పెరుగుతాయి. పైగా ఈ మొక్క సైతం పలుచని టీగా తాగినప్పుడు చేసే మేలును చిక్కని కషాయంగా తాగినప్పుడు చేయదు. అందుకే ఈ వ్యాసంలో మొదటి మూడు దశలకు, టీ కాచే దశకు ఎక్కువ చోటు ఇచ్చాను.

పేర్ల గందరగోళం

పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఈ మొక్క లీడమ్ గ్రోన్‌లాండికమ్ అనే పేరుతో ఉంటుంది. లీడమ్ అనే ప్రజాతి 1753 నాటి లిన్నేయస్ వర్గీకరణ నుంచి వాడుకలో ఉండగా, 1990లో శాస్త్రజ్ఞులు దానిని రోడోడెండ్రాన్ ప్రజాతిలో కలిపివేశారు కనుక కొత్త పుస్తకాల్లో రోడోడెండ్రాన్ గ్రోన్‌లాండికమ్ అని కనిపిస్తుంది. రెండూ ఒకే మొక్క. దీనికి దగ్గరి బంధువులు రెండున్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది రోడోడెండ్రాన్ టొమెంటోసమ్. ఉత్తర ఐరోపా, ఉత్తర ఆసియాలలోని చిత్తడి నేలల్లో పెరిగే ఈ జాతికి చెందిన పొట్టి రకం ఉత్తర అమెరికా ధ్రువప్రాంతంలోనూ కనిపిస్తుంది, దాని ఆకులు సన్నగా, సూది వంటి వాటికి కొంచెం వెడల్పుగా ఉంటాయి. రెండవది రోడోడెండ్రాన్ కొలంబియానమ్. ఇది బ్రిటిష్ కొలంబియా నుంచి కాలిఫోర్నియా వరకు పడమటి కొండల్లో పెరుగుతుంది. ఈ మూడింటినీ జనం టీకి వాడారు, అయితే వాటిలోని విషపదార్థాల పాళ్లు జాతిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ఈ మార్గదర్శి లాబ్రడార్ టీకే, అంటే ఆకు అడుగున దట్టమైన తుప్పురంగు నూగు ఉండే గ్రోన్‌లాండికమ్ జాతికే పరిమితం.

మొదటి దశ: నేలను పోల్చుకోవడం

మొక్కను వెతికేముందు అది పెరిగే నేలను వెతకాలి. స్ఫాగ్నమ్ నాచు మందమైన పరుపులా పేరుకొని, కింద సగం కుళ్లిన మొక్కల అవశేషాలు, అంటే పీట్, పొరలు పొరలుగా ఉండే చిత్తడి నేలలు, వాటి అంచుల్లో పెరిగే నల్ల స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్ల అడవులు దీని సొంత చోట్లు. ఉత్తర కెనడాలో, అలాస్కాలో ఇటువంటి నేలను మస్కెగ్ అంటారు. అక్కడి నీరు ఆమ్లగుణం కలది, చల్లనిది, దాదాపు కదలనిది.

ఇంతటి నీటిలో నిలిచిన పొద ఎడారి మొక్కలా మందపాటి ఆకులు తొడిగి, వాటి అంచులను లోపలికి ముడుచుకొని, అడుగు భాగాన్ని నూగుతో కప్పుకోవడం మొదట వింతగా తోస్తుంది. కారణం ఆ నేలలోనే ఉంది. పీట్‌లో నత్రజని, భాస్వరం అతి తక్కువగా దొరుకుతాయి కనుక ఏటేటా ఆకులన్నీ రాల్చి కొత్తవి తొడగడం ఈ మొక్కకు తలకు మించిన ఖర్చు. అందువల్ల ఒక్కొక్క ఆకును ఒకటికి మించిన వేసవుల పాటు నిలుపుకొని పని చేయిస్తుంది. వేళ్ల చుట్టూ ఉన్న నీరు చల్లగానో గడ్డకట్టో ఉన్న రోజుల్లో ఎండా గాలీ ఆకుల తేమను లాగేస్తాయి. ముడుచుకున్న అంచులు, నూగు ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. కోత గురించి చెప్పబోయే నియమాలన్నీ ఈ సంగతి మీదే ఆధారపడతాయి: మనకు గుప్పెడు ఆకు, ఆ పొదకు కొన్నేళ్ల పొదుపు.

చిత్తడిలో నడిచేటప్పుడు పొడవాటి కర్రతో ముందు నేలను తడిమి చూడాలి. నాచు పైపొర గట్టిగా కనిపించినా కింద నీరు ఉండవచ్చు. ఒకే జాడలో వెళ్లి అదే జాడలో తిరిగి రావడం మేలు, ఎందుకంటే అడుగులు పడి అణగిన నాచు తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది.

రెండవ దశ: ఆకును తిప్పి చూడడం

ఈ మొక్క పేరు ఆకు అడుగున రాసి ఉంటుందని చెప్పవచ్చు. పైభాగం ముదురు ఆకుపచ్చగా, కొంచెం ముడతలుగా, తోలులా ఉంటుంది. ఆకు పొడవు 2 నుంచి 6 సెంటీమీటర్లు, వెడల్పు అరసెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు. అంచులు స్పష్టంగా కిందికి చుట్టుకొని ఉంటాయి. ఆకును తిప్పితే అడుగున ఉన్ని గుడ్డ వంటి దట్టమైన నూగు కనిపిస్తుంది. లేత ఆకులో అది తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ తుప్పురంగుకు, నారింజ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. వేలితో రాస్తే ఆ నూగు చేతికి తెలుస్తుంది. లేత కొమ్మల మీద కూడా అదే నూగు ఉంటుంది.

ఆకులు కొమ్మకు ఒకదాని తరువాత ఒకటిగా, ఏకాంతరంగా పుడతాయి, అయితే కొమ్మ చివర గుంపుగా ఉండడం వల్ల చుట్టూ పుట్టినట్టు భ్రమ కలిగిస్తాయి. ఆకును నలిపితే జిగురు కలిసిన ఘాటైన సువాసన వస్తుంది. వేసవి మొదట్లో కొమ్మల చివర అయిదు రేకుల చిన్న తెల్లని పువ్వులు గుత్తులుగా పూస్తాయి, కేసరాలు రేకులను దాటి బయటికి పొడుచుకొని ఉంటాయి. పూలు రాలిన తరువాత సన్నని కాయలు కిందికి వేలాడి, ఎండినప్పుడు మొదలు వైపు నుంచి పగులుతాయి. ఈ ఎండుకాయలు తరచు చలికాలంలోనూ పొదకే వేలాడుతూ ఉంటాయి కనుక పూలు లేని రుతువుల్లో మంచి ఆనవాలు.

వాసన ఒక్కటీ ఆధారంగా, ఆకారం ఒక్కటీ ఆధారంగా నిర్ణయానికి రాకూడదు. చుట్టుకున్న అంచు, తుప్పురంగు నూగు, ఏకాంతరపు ఆకు, నలిపితే వచ్చే వాసన, ఈ నాలుగూ ఒకే కొమ్మ మీద కలిసినప్పుడే అది లాబ్రడార్ టీ. ఈ ఏడాది పుట్టిన లేత ఆకులే ఉన్న కొమ్మలో తుప్పురంగు ఇంకా వచ్చి ఉండదు. కొత్తగా నేర్చుకునేవారు అటువంటి కొమ్మను వదిలి, కింద నిరుటి ఆకులు కూడా ఉన్న కొమ్మనే ఎంచుకోవాలి.

మూడవ దశ: పోలికగల విషపు పొదలు

చిత్తడి లారెల్ అన్నిటికన్నా తరచుగా పొరబాటుకు దారితీసే పొరుగు మొక్క. శాస్త్రనామం కాల్మియా పొలిఫోలియా. దీని ఆకుల అంచులు కూడా చుట్టుకొని ఉంటాయి, ఇది కూడా ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఎత్తూ దాదాపు అంతే. కానీ దీని ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా పుడతాయి, అడుగు భాగం బూడిద కలిసిన తెలుపుగా ఉంటుంది తప్ప ఉన్ని నూగు ఉండదు, పువ్వు గులాబీ రంగులో వెడల్పాటి గిన్నెలా ఉంటుంది. ఇది గట్టి విషం. పూలున్నప్పుడు ఎవరూ పొరపడరు. పూలు లేనప్పుడు, అందునా రెండు మొక్కల కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి పెరిగినప్పుడు, గుప్పిటతో కోసేవారి సంచిలోకి నాలుగు లారెల్ ఆకులు చేరడం చాలా తేలిక. అందుకే నా సలహా ఏమిటంటే, గుప్పిటతో ఎప్పుడూ కోయకూడదు, ఒక్కొక్క రెమ్మను తిప్పి చూసి తుంచాలి.

చిత్తడి రోజ్‌మేరీ అనే ఆండ్రోమెడా పొలిఫోలియా మరొకటి. ఆకులు ఏకాంతరంగానే పుడతాయి, సన్నగా, అంచులు చుట్టుకొని ఉంటాయి, అయితే రంగు నీలం కలిసిన పచ్చ, అడుగున మైనపు పూత వంటి తెలుపు, నూగు బొత్తిగా లేదు. పువ్వులు లేత గులాబీ రంగు చిన్న కుండల్లా వేలాడతాయి. తూర్పు కెనడాలో గొర్రె లారెల్ అనే ఇంకో కాల్మియా కూడా ఉంది, దాని ఆకులు సాధారణంగా మూడేసి చొప్పున చుట్టూ పుడతాయి. ఈ మొక్కలన్నిటిలో గ్రయనోటాక్సిన్లు అనే విషాలున్నాయి.

పడమటి కొండల్లో తిరిగేవారు కొలంబియానమ్ జాతిని గుర్తుంచుకోవాలి. దాని ఆకు అడుగున తుప్పురంగు ఉన్ని ఉండదు, పాలిపోయిన రంగులో సన్నని నూగు మాత్రమే ఉంటుంది. పేరులో టీ ఉన్నంత మాత్రాన దానిని దీనితో సమానంగా చూడకూడదు, వదిలివేయడమే క్షేమం.

నాలుగవ దశ: కోత

కోసేముందు ఆ నేల ఎవరిదో తెలుసుకోవాలి. కెనడా జాతీయ ఉద్యానవనాల్లో సందర్శకులు మొక్కలను కోయడం, తీసుకుపోవడం చట్టరీత్యా నిషిద్ధం. మూలవాసీ జాతుల సంప్రదాయ భూముల్లో అయితే వారి అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, ఎక్కడ కోయవచ్చో ఎక్కడ కోయకూడదో అందరికన్నా బాగా తెలిసినవారు వారే. అనేక సమాజాల్లో మొక్కను కోసేముందు దాని మొదట్లో పొగాకు ఉంచి కృతజ్ఞత చెప్పే ఆచారం ఉంది.

రహదారుల పక్కన, రైలు మార్గాల వెంట, గనుల సమీపంలో కోయకూడదు. విద్యుత్ తీగల కింది దారుల్లో పొదలను అణచడానికి మందు చల్లుతారు కనుక అక్కడ ఎంత ఏపుగా కనిపించినా ముట్టుకోరాదు.

కోతకాలం గురించి ఏకాభిప్రాయం లేదు. వసంతంలో పూతకు ముందు కోసేవారున్నారు, వేసవి చివర కోసేవారున్నారు, మంచు పడిన తరువాత ఆకు ఎరుపు కలిసిన గోధుమరంగుకు తిరిగాక కోసేవారూ ఉన్నారు. నాకు వేసవి చివరే అనుకూలంగా తోస్తుంది: ఆ ఏటి పెరుగుదల పూర్తయి ఉంటుంది, తుప్పురంగు బాగా తేరి ఉంటుంది, గుర్తింపులో సందేహం తక్కువ. పూలను కోయకుండా గింజ పడనివ్వవచ్చు.

ఒక పొద నుంచి రెండు మూడు రెమ్మల చివర్లు మాత్రమే తీసుకొని ఇంకో పొదకు వెళ్లాలి. వేళ్లు కదలకుండా, కొమ్మ చీరుకుపోకుండా, చిన్న కత్తెరతో తుంచాలి. ఈ మొక్క నేల కింది కాండాల ద్వారా వ్యాపిస్తుంది, అడవి మంటల్లో పైభాగం కాలిపోయినా వాటి నుంచే మళ్లీ చిగురిస్తుంది. అంతటి మొండి మొక్కను సైతం వేళ్లతో పెరికితే చంపవచ్చు. ఇంటి వాడకానికి ఒక చిన్న సంచి ఏడాదికి సరిపోతుంది, ఎందుకంటే దీనిని రోజూ గ్లాసులకొద్దీ తాగే పానీయంగా అనుకోకూడదు.

ఆకుల మీద పసుపు, నారింజ రంగు పొడి బొబ్బలు ఉంటే ఆ పొదను వదిలేయాలి. అది క్రైసోమిక్సా అనే తుప్పు తెగులు. ఆ శిలీంధ్రం తన జీవితచక్రంలో సగం స్ప్రూస్ సూదుల మీద, సగం ఈ ఆకుల మీద గడుపుతుంది. ఆకు సహజపు తుప్పురంగు అడుగున నూగులో మాత్రమే ఉంటుంది, తెగులు మాత్రం వేలికి పొడిలా అంటుకుంటుంది.

అయిదవ దశ: ఆరబెట్టడం

ఇంటికి తెచ్చాక రెమ్మలన్నిటినీ తెల్లని గుడ్డ మీద పరచి రెండవసారి ఏరాలి. ఎదురెదురు ఆకులున్న రెమ్మ ఒక్కటి కనిపించినా దానిని పారవేసి, మిగిలిన మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి చూడాలి. తరువాత చల్లటి నీటిలో ఒకసారి జాడించి, నీడలో గాలి ఆడేచోట పలుచగా పరచాలి. నూగు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి పైకి ఎండినట్టున్న ఆకు లోపల తడిగా ఉండవచ్చు. ఆకు వంగకుండా విరిగేదాకా ఆగాలి. గాజు సీసాలో మూత బిగించి చీకటిలో ఉంచితే ఏడాది పాటు వాసన నిలుస్తుంది. బూజు వాసన వస్తే పారేయడమే. సీసా మీద మొక్క పేరు, కోసిన చోటు, నెల రాసి అంటించాలి.

ఆరవ దశ: టీ కాచడం

ఈ ఆకులో సువాసన తైలాలు, టానిన్లు, కాటెచిన్ల వంటి పాలీఫినాళ్లు ఉన్నాయి, కెఫీన్ లేదు. వాటితోపాటు లీడాల్ అనే తైలపదార్థం, గ్రయనోటాక్సిన్లు ఉండవచ్చు. లీడాల్ ఎక్కువైతే తలతిరుగుడు, కండరాల బిగింపు, మతిభ్రమ కలుగుతాయి; ఇది ముఖ్యంగా టొమెంటోసమ్ జాతిలో అధికం. మధ్యయుగాల ఉత్తర ఐరోపాలో ఆ జాతి ఆకులను బీరులో కలిపేవారు, ఆ బీరు మత్తుకు, మరునాటి తలనొప్పికి పేరుపొందింది. గ్రయనోటాక్సిన్లు నాడీకణాల, గుండె కండర కణాల పొరల్లోని సోడియం మార్గాలను మూసుకోనివ్వవు; ఫలితంగా నోట నీరూరడం, వాంతులు, నీరసం, గుండె వేగం మందగించడం, రక్తపోటు పడిపోవడం వరుసగా కనిపిస్తాయి.

ఈ కారణాల వల్ల చేయవలసిన పద్ధతి సరళమైనది. 250 మిల్లీలీటర్ల నీటిని మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, అర నిమిషం ఆగాలి. నాలుగైదు ఎండుటాకులను రెండు మూడు ముక్కలుగా తుంచి అందులో వేసి అయిదు నిమిషాలు ఉంచి, సన్నని గుడ్డలో వడగట్టాలి. గుడ్డ ఎందుకంటే ఆకు నూగు గొంతులో గరగరలాడుతుంది. లేత పసుపు రంగులో, జిగురు, గడ్డిపూలు కలిసిన వాసనతో ఉన్న టీ సరైనది. ముదురు గోధుమరంగుకు తిరిగి నాలుక మీద చేదు నిలిస్తే చిక్కనైనట్టు. దానిని పారబోసి తక్కువ ఆకుతో మళ్లీ పెట్టాలి. అదే ఆకును రెండవసారి మరిగించి సారం పిండుకోవాలనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

మూలవాసీ ఇళ్లలో ఈ ఆకును పొయ్యి మీద చాలాసేపు కాచే పద్ధతి కూడా ఉందని, దానివల్ల వారికి హాని కలగడం లేదని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. అయితే వారు ఏ చిత్తడిలోని ఏ పొద నుంచి ఎంత ఆకు, ఎన్ని నీళ్లకు, ఎవరికి అన్నది తరాల అనుభవంతో ఎరిగి కాస్తారు. ఆ జ్ఞానం లేకుండా వారి పద్ధతిలో సగం మాత్రమే అనుకరించడం ప్రమాదకరం. కొత్తవారు మొదటిరోజు అరకప్పుతో ఆపి మరునాటి దాకా ఒంటి తీరు గమనించాలి. తరువాత కూడా రోజుకు ఒక కప్పు మించకుండా, కొద్ది రోజులు తాగి మానుకుంటూ ఉండాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు దీనిని తాగకూడదు. రక్తపోటుకు, గుండెకు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా తాగరాదు. తాగిన తరువాత తలతిరుగుడు, వాంతులు, గుండె నెమ్మదించినట్టు అనిపించడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆకుల సీసాను కూడా వెంట తీసుకువెళ్లాలి.

సంప్రదాయ వాడకాలు

జలుబు, దగ్గు, గొంతునొప్పి, ఛాతీ పట్టేయడం వంటి వాటికి వేడి టీ తాగడం దాదాపు అన్ని జాతుల్లోనూ ఉన్న అలవాటు. బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో 1819 నుంచి 1822 దాకా సాగిన ధ్రువప్రాంత యాత్ర చివర, తిండి లేక రాతి నాచు తిని బతికిన ఆ బృందం వేడిగా తాగింది కూడా ఈ చిత్తడి టీనే. ఆకలిని తీర్చదు కానీ గడ్డకట్టే చలిలో అది ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

పైపూతగా కూడా దీనికి మంచి పేరుంది. క్రీ ప్రజలు ఎండుటాకును మెత్తగా పొడిచేసి కాలిన గాయాల మీద, చెమ్మ కారే పుండ్ల మీద వేసేవారు. దురదకు, చర్మపు చిరాకుకు ఆకు కాచిన నీటితో కడిగేవారు. నేటి రోజుల్లో తెరచుకున్న గాయం మీద శుద్ధిచేయని ఆకుపొడి చల్లడం వివేకం కాదు. దురద ఉన్న చోట చల్లారిన పలుచని కషాయంతో కడగడం వరకే పరిమితం కావాలి, అదీ ముందు చేతి లోపలివైపు చిన్నచోట రాసి చూసిన తరువాతే.

క్యూబెక్‌లో జేమ్స్ బే తూర్పు తీరపు క్రీ పెద్దలు మధుమేహ లక్షణాలకు సూచించిన మొక్కల్లో ఇదీ ఉండడంతో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని ప్రయోగశాలలో పరీక్షించారు. ఎలుకల్లో ఇన్సులిన్ నిరోధకతను తగ్గించినట్టు ఫలితాలు వచ్చాయి. అంతమాత్రాన మనిషి వాడే మధుమేహపు మందుకు ఇది బదులు అని అర్థం చేసుకోరాదు.

తిండికి సంబంధం లేని వాడకం ఒకటి నాకు అన్నిటికన్నా నిశ్చింతగా తోస్తుంది. ఎండిన రెమ్మలను ఉన్ని బట్టల మధ్య ఉంచితే చిమ్మెటలు దరిచేరవని ఉత్తర అమెరికాలోనూ, టొమెంటోసమ్ జాతితో ఉత్తర ఐరోపాలోనూ నమ్మకం. చేయదలచినవారు రెమ్మలను పలుచని గుడ్డ సంచిలో కట్టి పెట్టెలో ఉంచి, వాసన తగ్గినప్పుడు మార్చాలి. పసిపిల్లల బట్టల మధ్య మాత్రం పెట్టకూడదు.

ఇంటి దగ్గర పెంచదలిస్తే

చల్లని వాతావరణంలో ఉండేవారికి అడవి పొదను ముట్టకుండా ఆకు పొందే దారి ఇదే. అడవి నుంచి పెరికి తెచ్చిన మొక్క సాధారణంగా బతకదు కనుక నర్సరీలో పెంచినదాన్నే కొనాలి. ఆమ్లగుణం గల పీట్ కలిపిన మట్టి, ఎప్పుడూ ఆరని తేమ, సగం నీడ కావాలి. సున్నం ఉన్న నీరు, ఎరువుల పోత దీనికి గిట్టవు. గింజలు దుమ్ములా సన్నగా ఉంటాయి, వాటిని మట్టితో కప్పకుండా తడి నాచు మీద చల్లి వెలుతురు తగలనివ్వాలి. అంతకన్నా తేలిక పద్ధతి, కిందికి వంగిన కొమ్మను నేలకు అదిమి నాచు కప్పి, వేళ్లు దిగాక వేరుచేసి నాటుకోవడం. నాటిన మొక్క కుదురుకొని, పక్కలకు కొత్త కొమ్మలు వేసేదాకా ఆకు కోయకూడదు.